హాప్సు పువ్వు - తరవాణి కుండ

ఇంగ్లీషువారు 1611లో బందరున వర్తకస్థానం నెలకొల్పారని పిల్లలకు చెపుతాము. వారి బీరు సంగతి చెప్పము. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, వేడినీట నానబెడితే గింజలోని పిండి చక్కెర అవుతుంది. ఈస్టు దానిని మద్యంగా మారుస్తుంది. పందొమ్మిదవ శతాబ్దంలో ఓడలమీద మన దేశానికి వచ్చిన ‘పేల్ ఏల్’లో హాప్సు పువ్వులు దండిగా వేసేవారు. ఆ చేదు రుచికి మాత్రమే కాదు, కావలికి కూడా. పులుపు పుట్టించే సూక్ష్మజీవులను అది అణచి ఉంచుతుంది.

మన గుడివాడ, దివిసీమ పల్లెల తరవాణి కుండ దీనికి సరిగా ఎదురు. గంజి, బియ్యపు కడుగు పోసి ఉంచితే ఆ పులుపు జీవులే వచ్చి చేరతాయి. మన ఇల్లాలు వాటిని తరమలేదు. నిన్నటి పులుపు కొంత అడుగున మిగిల్చి తోడుగా వాడుకున్నది. పాలు పులియటానికి సూక్ష్మజీవులే కారణమని పాశ్చర్ 1857లో ప్రకటించకముందే ఆ తోడు మన వంటిళ్లలో ఉన్నది.

అయినా నేటి విద్యార్థి కిణ్వనానికి ఉదాహరణ అడిగితే బీరు అంటాడు. తరవాణి అంటే ఏమిటని మనలనే అడుగుతాడు! బడిలో బీరు చేయమని నేననను, చట్టమూ ఒప్పదు. కాని ఒక మట్టికుండకు ఖర్చెంత? తరవాణి పెట్టే తీరు తెలిసిన ముసలమ్మను పిలిపించి పెట్టించండి. రోజూ నీలి లిట్మస్ కాగితం ముంచి, అది ఏనాటికి ఎర్రబడినదో పిల్లలచేతనే వ్రాయించండి.