ముందు వెనక్కెళ్లి కూర్చోండి!

ఏడుగురు పట్టే కారు కొనాలనుకున్న ఇంట్లో ఏమేం ప్రశ్నలు పుడతాయో మీకు తెలియనివి కావు. లీటరుకి ఎంతిస్తుంది? తిరిగి అమ్మితే ఎంతొస్తుంది? పక్కింటివాళ్ల బండికన్నా ఎత్తుగా ఉంటుందా, లేదా? ఈ మూడింటికీ జవాబు దొరికితే చాలు, అడ్వాన్సు కట్టేస్తారు. "నడపడానికి బాగుంటుందా?" అని ఎవరైనా అడిగారనుకోండి, అందులోనూ అడిగింది ఆడమనిషి అనుకోండి, ఇంటిల్లిపాదీ నవ్వుతారు. "సంసారపు బండికి సరదా ఏమిటి? రేసులకి పోతావా ఏం?" అంటారు.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట అన్నవాళ్లెవరూ మూడో వరుసలో కూర్చుని ఘాటెక్కినవాళ్లు కాదని ఏ గుళ్లోనైనా ప్రమాణం చేస్తాను.

మాది కర్నూలు. మా పుట్టిల్లు రాయచోటి వైపు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప మీదుగా పోయే ఈ దారిని వెనకటికి 18వ నెంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు 40వ నెంబరు అంటున్నారు. నెంబరు మారినా దారి అదే. కడప దాకా రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఆళ్లగడ్డలో శిల్పులు చెక్కి నిలబెట్టిన రాతి దేవుళ్లకి కారులోంచే దణ్ణం పెట్టుకుంటూ హాయిగా పోవచ్చు. అంతవరకూ ఏ బండైనా మంచి బండే. బండి బుద్ధి తెలిసేది కడప దాటి గువ్వలచెరువు ఘాటు మొదలయ్యాక.

మొదటి మలుపుకే నిమ్మకాయలు బయటికొస్తాయి. రెండో మలుపుకి పాలిథిన్ కవరు. "అమ్మా, కడుపులో తిప్పుతాంది" అని వెనకనుంచి ఓ చిన్న గొంతు. వెనక ఎవరుంటారో వేరే చెప్పాలా? ఇద్దరు పిల్లలు, వాళ్ల మధ్య ఇరుక్కున్న ఓ ఆడమనిషి. అత్తో, కోడలో, పెళ్లికాని ఆడబిడ్డో, ఎవరు సన్నగా ఉంటే వాళ్లు, ఎవరు ఎదురు చెప్పకపోతే వాళ్లు. సరిగ్గా ఆ సమయానికి ముందు సీట్లలో మగవాళ్లు గువ్వలచెరువు పాలకోవా ఏ కొట్టులో బాగుంటుందని చర్చిస్తుంటారు. ఓ చేత్తో పిల్ల నుదురు, రెండో చేత్తో కవరు పట్టుకున్న మనిషికి పాలకోవా మాట వినపడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఎప్పుడైనా గమనించారా, స్టీరింగు పట్టుకున్నవాళ్లకి కడుపులో తిప్పదు. మలుపు ఎటు వస్తుందో కంటికి ముందే తెలుసు. ఒళ్లు దానికి సిద్ధపడుతుంది. వెనకవాళ్ల సంగతి అది కాదు. వాళ్ల కంటికి కనిపించేది ముందు సీటు వీపు. చెవి లోపల ఒంటి తూకం చూసే భాగం మాత్రం "ఊగుతున్నాం, ఊగుతున్నాం" అని గోలపెడుతుంది. కన్ను కాదంటుంది, చెవి అవునంటుంది, మధ్యలో కడుపు నలిగిపోతుంది. పైగా మూడో వరుస ఉండేది వెనక చక్రాల నెత్తిమీద. గుంతలో పడిన దెబ్బ ముందువాళ్లకి కబురుగా అందితే, వెనకవాళ్లకి స్వయంగా అందుతుంది.

మలుపులో పక్కకి ఒరిగిపోని బండి. బ్రేకు తొక్కితే ముక్కు నేలకి దించి తోక ఎత్తని బండి. స్టీరింగు తిప్పినంతే తిరిగే బండి. ఏడుగురు ఎక్కినా రొప్పకుండా లారీని దాటే సత్తువున్న బండి. నడపడానికి హాయిగా ఉండే బండి అంటే ఇదే కదా! వెనక కూర్చున్నవాళ్ల కడుపు కుదురుగా ఉండేదీ ఈ బండిలోనే. ఇంజనుకి సత్తువ లేకపోతే నడిపేవాళ్లు గేరు దించుతూ ఎక్కిస్తూ, తొక్కుతూ వదులుతూ అవస్థ పడతారు. ఆ ప్రతి కుదుపుకీ వెనక తలకాయలన్నీ ఊగుతాయి. అందుకే అంటున్నాను, నడిపే సుఖం మగపిల్లల సరదా కాదు, మూడో వరుసవాళ్ల ఆరోగ్యం. "సంసారపు బండికి సరదా ఎందుకు" అన్న పెద్దమనిషి సంసారాన్నే వెనక్కి తోసి తలుపేసుకున్నాడన్నమాట.

అసలు మా సీమలో మూడు వరుసల బండి పరువు తీసింది సినిమావాళ్లు. టాటావాళ్లు 1994లో సుమో తెచ్చారు. తమ కంపెనీ పెద్ద సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి ఆ రెండక్షరాలు తీసి పెట్టుకున్నారు. జపాను పహిల్వాన్లకీ దానికీ చుట్టరికం లేదు. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చి ఆడాక, తెలుగు తెరమీద కొన్నేళ్లపాటు సుమోలే సుమోలు. బారులుగా వచ్చేవి, దుమ్ము లేపేవి, గాల్లోకి ఎగిరేవి. దిగేది ఎప్పుడూ మీసాలే. ఒక్క సినిమాలోనైనా సుమో వెనక తలుపు తీసుకుని ఓ అవ్వ టిఫిన్ క్యారియరుతో, చంకలో మనవరాలితో దిగిందేమో చెప్పండి! సుమో తయారీ 2019లో ఆగిపోయింది గానీ ఆ దర్జా పిచ్చి పోలేదు. ఇప్పటికీ బండి కొనేవాడికి కావలసింది ఎత్తు, తెలుపు, ముందున్న బెదిరింపు ముఖం. వెనక సీటు ఎట్లా ఉందో వంగి చూసేవాడు లేడు.

ఆర్టీసీ నయం. పల్లెవెలుగు బస్సులో "స్త్రీలకు" అని రాసిన సీట్లు ముందువైపు ఉంటాయి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో టిక్కెట్టు కూడా తప్పింది. లక్షలు పోసి, నెలనెలా బ్యాంకుకి వాయిదాలు కడుతూ కొన్న సొంత కారులో మాత్రం మనం వెనక.

మరి ఆడవాళ్లకి బండి గురించి ఏం తెలుసంటారా? కార్ల్ బెంజ్ అనే జర్మను ఇంజనీరు 1886లో మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. తీసుకున్నాడు గానీ, దాన్ని దూరం నడిపి లోకానికి చూపించింది ఆయన కాదు, ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. నూటారు కిలోమీటర్లు. ఎక్కడికనుకున్నారు? పుట్టింటికి! పెట్రోలు బంకులు లేని కాలం, దారిలో మందుల షాపులో ఇంధనం కొన్నది. గొట్టంలో ఏదో అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడిచేత తోలు వేయించింది. గుట్ట వచ్చినచోట పిల్లలు దిగి తోయవలసి వచ్చింది. ఇంటికొచ్చాక మొగుడితో అన్నది, ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు పెట్టమని. ఆయన పెట్టాడు. మోటారు బండికి లోకంలో మొట్టమొదటి లాంగ్ ట్రిప్పు పిల్లలతో పుట్టింటికి పోయిన ఆడదానిది. మొట్టమొదటి ఫిర్యాదు కూడా ఘాటు గురించే!

ఇంత చరిత్ర ఉన్నా కర్నూల్లో ఓ షోరూములోకి అడుగుపెడితే ఏమైందో వినండి. (పేరు ఎందుకులెండి, అన్నీ ఆ తానులో ముక్కలే.) మా ఇంట్లో దూరాభారం నడిపేది నేను. మావారికి స్టీరింగు పట్టుకోవడమంటే పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చోవడమే. అక్కడి కుర్రాడు తిన్నగా వెళ్లి ఆయన చేతిలో తాళం పెట్టి "ఓ రౌండు వేసి రండి సార్" అన్నాడు. ఆయన ఆ తాళాన్ని వేడి గిన్నెలా నాకు అందించారు. కుర్రాడు కాస్త తడబడి, "మేడమ్‌కి ఏ కలర్ ఇష్టం సార్?" అని ఆయన్నే అడిగాడు. నేను ఎదురుగానే ఉన్నాను.

"రంగు తర్వాత చెప్తా నాయనా. క్లచ్చు ఎంత బరువుంది? సీటు పైకి లేస్తుందా? నా ఎత్తు అయిదడుగుల ఒకటి" అన్నాను.

"ఆటోమేటిక్ తీసుకోండి మేడమ్, లేడీస్‌కి సులువు" అన్నాడు.

ఆటోమేటిక్ మంచిదే. హైదరాబాదు ట్రాఫిక్‌లో ఎడంకాలికి విశ్రాంతి. కానీ ఆ సులువు లేడీస్‌కెందుకు, మోకాళ్లున్న అందరికీ సులువే కదా! ఇంతలో మా అత్తమ్మని చెయ్యిపట్టి మూడో వరుసలోకి ఎక్కించాను. ఆవిడ అయిదు నిముషాలు నిశ్శబ్దంగా కూర్చుని, "ఏం పిల్లా, మోకాళ్లు గడ్డానికి తగుల్తాండాయి. ఈడ కిటికీ యాడుంది?" అంది. ఆ బండి గురించి నేను చదివిన పొగడ్తలన్నీ ఆ ఒక్క మాటకి చిత్తు. వెనక ఇరుసు కోసం నేల ఎత్తుచేసి, సీటు మాత్రం కిందికే ఉంచుతారు. తొడలకి ఆనిక ఉండదు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు దాన్ని పట్టించుకోడు, డెబ్బైనాలుగేళ్ల మనిషికి అదే నరకం.

ఇంతకీ ఏది కొనాలంటారా? నేను ఏ కంపెనీకీ ఏజెంటుని కాను. అయినా చెప్తాను. మనకి దొరికేవి రెండు జాతులు. లారీలాగా ఉక్కు చట్రం మీద బాడీ బిగించినవి ఒకటి: బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా. రెండోది చట్రమూ బాడీ ఒకే గుల్లగా కట్టినవి: ఎర్టిగా, కారెన్స్, ఎక్స్‌యూవీ 700, 2021 తర్వాతి సఫారీ, 2022 చివర్లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్. వీటిల్లో కొన్నింటిని క్రాస్‌ఓవర్ అంటారట. అంటే ఒళ్లు కారుది, వేషం జీపుది. రాళ్లబాటలో చేనికి పోయే రైతుకి మొదటి జాతే దిక్కు, కాదనను. ఒంటిమిట్ట కల్యాణానికీ మేనల్లుడి పెళ్లికీ పోయే మనకి రెండోదే మేలు. ఎత్తు తక్కువ, బరువు కిందికి ఉంటుంది, ఒరగడమూ తక్కువే.

వాటిల్లో కారెన్స్ మన సీమ బిడ్డ. పెనుకొండ దగ్గర 2019 నుంచి నడుస్తున్న కియా ఫ్యాక్టరీలో తయారై 2022 ఫిబ్రవరిలో మార్కెట్టుకొచ్చింది. మీట నొక్కితే మధ్య సీటు తనంతట తనే మడుచుకుని ముసలివాళ్లకి దారి ఇచ్చే ఏర్పాటు పెట్టారు, ఆ ఆలోచన చేసినవాళ్లకి మా అత్తమ్మ ఆశీస్సులు. కాకపోతే 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గుద్ది చూస్తే మూడు నక్షత్రాలే వచ్చాయి. ఎక్స్‌యూవీ 700కి 2021లో అయిదు వచ్చాయి, దాని రెండు లీటర్ల పెట్రోలు ఇంజనుది రెండు వందల గుర్రాల సత్తువ. ఘాటులో లారీని దాటడానికి దాన్ని మించింది ఆ ధరలో కష్టం. ఎర్టిగా లీటరు లెక్కలో బాగానే ఇస్తుంది. కానీ 2024లో కఠినం చేసిన పరీక్షలో పెద్దవాళ్ల రక్షణకి ఒక్క నక్షత్రమే వచ్చింది. లీటరుకి ఎంతిస్తుందని అడిగే నోరు ఈ ప్రశ్న కూడా అడగాలి మరి.

ట్రైబర్ తెలివైన బండి. నాలుగు మీటర్లలోపే మూడు వరుసలు సర్దారు, అక్కర్లేకపోతే వెనక సీట్లు ఊడదీసుకోవచ్చు. ఇంజను మాత్రం లీటరుదే. ఏడుగురూ ఎక్కితే దాని రొప్పు దానిది. ఆ నాలుగు మీటర్ల పట్టుదల ఎందుకో తెలుసా? పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు చిన్న ఇంజను కార్లకి జీఎస్టీ 18 శాతం, పెద్దవాటికి 40 శాతం. అత్తమామల్ని వెంటబెట్టుకుని తిరగడం విలాసమట!

నా మాట వినే అక్కచెల్లెళ్లకి ఒకటే చెప్తాను. షోరూము చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి టెస్ట్ డ్రైవ్ అయిందనుకోకండి. ఏడుగుర్నీ ఎక్కించండి. కర్నూలు వాళ్లకి జగన్నాథగట్టు ఉండనే ఉంది, ఎక్కించి దించండి. ఒకసారి మీరు నడపండి. రెండోసారి, డబ్బు కట్టే మగమహారాజుని మూడో వరుసలో కూర్చోబెట్టండి, మే నెల మిట్టమధ్యాహ్నం అయితే మరీ మంచిది. ఏసీ గాలి వెనకదాకా వస్తుందో లేదో ఆయనే చెప్తారు. నిమ్మకాయ ఒకటి చేతిలో పెట్టడం మరిచిపోకండి.

సామాను సంగతి చెప్పలేదు కదూ. మూడో వరుస నిలబెడితే వెనక మిగిలే చోటు ఎర్టిగాలో 209 లీటర్లు, కారెన్స్‌లో 216. కాగితం మీద బాగానే ఉంటుంది. ఏడుగురి బట్టల సంచులు, అత్తమ్మ మందుల డబ్బా, పుట్టింటికి తీసుకెళ్లే సోనా బియ్యం మూట పెట్టి చూడండి. పైన కట్టుకుంటే బరువు నెత్తికెక్కి, మలుపులో బండి ఇంకా ఒరిగి, మళ్లీ నిమ్మకాయలే. కిందటి వేసవిలో మేం పోయేటప్పుడు ఎలాగో సర్దుకున్నాం గానీ, వచ్చేటప్పుడు మా అన్న నాలుగు బుట్టల బేనిషా మామిడిపళ్లు పెట్టాడు. ఓ సీటు మడవక తప్పలేదు. ఎవర్ని దింపాలని పెద్దగా ఆలోచించలేదు. కడపలో మావారిని కర్నూలు బస్సెక్కించాం. పాపం, టిక్కెట్టు కొనుక్కునే వచ్చారు.