లెక్క లేని వాగ్దానములు

2022 సెప్టెంబరులో ఆంగ్లదేశపు ప్రధాని లిజ్ ట్రస్ ప్రభుత్వము, పైకమునకు దారి చూపకయే సుమారు 4500 కోట్ల పౌనుల పన్నులు తగ్గింతుమనెను. పౌనువిలువ పడిపోయెను, అక్టోబరు 20వ తేదీననే ఆమె రాజీనామా ప్రకటింపవలసి వచ్చెను.

మన బోధను సంగతి యేమి? 1937లో నెలకొన్న నిజాము చక్కెర కర్మాగారమున 51 శాతము వాటా 2002లో ప్రైవేటువారి పరమయ్యెను. 2015 డిసెంబరులో అది మూతపడెను. కార్మికుడు వీధిపాలయ్యెను, చెరకు రైతు దిక్కులు చూచెను. 2014లో స్వాధీనపరచుకొందుమన్నది ఒక పక్షము. 2023లో తెరిపింతుమన్నది వేరొక పక్షము. సొమ్మెక్కడిదని యడిగినవారెందరు?

మేమే పక్షమునకును దాసులము కాము. మొత్తము వ్రాయని ప్రోనోటు న్యాయస్థానమున చెల్లదు. నిజామాబాదు పౌరులారా! ఓటడుగ వచ్చినవానిని నిలదీసి యడుగుడు: ఎన్ని కోట్లు? ఏ పద్దునుండి? ఏనాటికి?