వృత్తి ప్రయాణములు - భోజన వ్యయము

కాకినాడ న్యాయవాది యొకరు వ్యాజ్యముపై అమరావతి హైకోర్టునకు పోవుదురు. గుంటూరు మిర్చి వర్తకు డొకడు సరకు కొనుటకై ఖమ్మము, వరంగల్లు మార్కెట్లకు పోయి రెండు దినములుండి వచ్చును. రైలు చార్జీని, బస ఖర్చును లెక్కలో వ్రాయుటకు వీరిరువురును సంకోచింపరు. భోజన హోటలులో చెల్లించిన సొమ్మును వ్రాయబోవునపుడు మాత్రము కలము ఆగును. ఇది వృత్తి వ్యయమా, స్వంత వ్యయమా? జీతగానికి ప్రయాణ భత్యమును యజమాని యిచ్చును. స్వతంత్ర వృత్తిపై జీవించువానికి యజమానియు తానే, పనివాడును తానే. కావున పన్ను లెక్కలో న్యాయము జరుగనిచో అతనికి వేరొక దిక్కు లేదు.

వృత్తి నిమిత్తము సంపూర్ణముగను, ప్రత్యేకముగను చేసిన వ్యయమును ఆదాయమునుండి తగ్గించుకొనవచ్చుననియు, స్వంత వ్యయమును తగ్గించుకొనరాదనియు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము 37వ సెక్షను చెప్పినది. 2025 లో చేయబడిన నూతన చట్టమును ఈ సూత్రమునే నిలుపుకొన్నది. ఈ మాటలు మనకు ఆంగ్ల శాసనములనుండి సంక్రమించినవి. అవి యెంత యిరుకైనవో అచ్చటి 1975 నాటి తీర్పొకటి తెలుపుచున్నది. స్వతంత్రముగ పనిచేయు నొక వడ్రంగి, యింట భుజించిన పది పెన్నీలతో పోవు మధ్యాహ్న భోజనమునకు పనిచోట నలువది పెన్నీలు ఖర్చగుచున్నవనియు, అధికమైన ముప్పదింటిని తగ్గింపవలయుననియు కోరెను. మనుష్యుడు పనికొరకే గాక ప్రాణము నిలుపుకొనుటకును భుజించును గనుక అది కేవలము వృత్తి వ్యయము కాదని న్యాయస్థానము త్రోసివేసెను. ఐనను, వృత్తిపై పోయి రాత్రి బస చేయవలసి వచ్చినపుడు తగుమాత్రపు భోజన వ్యయమును అచ్చటను అంగీకరింతురు.

అమెరికా వారి మార్గము వేరు. విశ్రాంతి లేక నిద్ర అవసరమగునంత కాలము స్వస్థలమునకు దూరముగ వృత్తిపై నుండినచో భోజన వ్యయమును లెక్కలోనికి తీసికొందురు. కాని సగము మాత్రమే తగ్గింతురు. 1986 నాటి శాసనము నూటికి ఎనుబది వంతులకును, 1993 నాటి శాసనము ఏబది వంతులకును దీనిని పరిమితము చేసినవి. 2021, 2022 సంవత్సరములలో మాత్రము హోటలు భోజనములకు పూర్తి తగ్గింపు నిచ్చిరి. ఇంట నున్నను మనుష్యుడు భుజింపకుండునా యను సందేహమునకు ఈ సగపాలు సమాధానము. అంతకంటె మెచ్చదగినది మరియొకటి కలదు. ప్రతి భోజనపు వెలను విడివిడిగ చూపుటకు బదులు ప్రభుత్వము ఊరూరికి నిర్ణయించిన దినభత్యపు రేటును స్వతంత్ర వృత్తివారును వాడుకొనవచ్చును. ప్రయాణము నిజమని రుజువు చేసిన చాలును.

మన చట్టములో సగపాలు నియమము లేదు. ప్రయాణికుని భోజనమున కిట్టి రేటును లేదు. ఉదారముగ కన్పట్టు ఈ మౌనమే చిన్న వృత్తులవారికి చిక్కు తెచ్చుచున్నది. అంగీకరించుటయు, త్రోసివేయుటయు అధికారి యభిప్రాయముపై నాధారపడును. భయస్థుడు న్యాయమైన ఖర్చును సైతము వదలుకొనును. సాహసి యింటి విందును వృత్తి ఖాతాలో వ్రాయును. నిజాయితీపరునికి నష్టమును, కపటికి లాభమును కల్పించు నియమము మంచి నియమము కానేరదు. ప్రభుత్వము తన యుద్యోగుల ప్రయాణ భోజనములకు హోదానుబట్టి పరిమితులు నిర్ణయించియే యున్నది. ఆ రీతినే స్వతంత్ర వృత్తులవారికిని దినమునకింత యని యేల నిర్ణయింపరాదు? మోసము పెరుగునని కొందరు శంకింపవచ్చును. హద్దు తెలిసినచోట మోసమునకు తావు తగ్గునే గాని పెరుగదని మా యభిప్రాయము.

అంతవరకు మన వృత్తులవారు చేయదగిన పని యొకటి కలదు. తేదీ, ఊరు, పోయిన పని, కలిసికొనిన వ్యక్తి, చెల్లించిన సొమ్ము - ఈ యైదింటిని ఆనాడే చిట్టాలో వ్రాసి బిల్లును భద్రపరుపవలెను. సంవత్సరాంతమున జ్ఞాపకముపై వ్రాసిన లెక్కకు విలువ తక్కువ. వచ్చిన రాబడిలో సగమును ఆదాయముగ చూపి పన్ను చెల్లించు సులభ పద్ధతి 2016 నుండి న్యాయవాదులు, వైద్యులు మొదలగు వారికి లభించినది. దాని నవలంబించువారు భోజనపు ఖర్చును మరల వేరుగ తగ్గించుకొనరాదు; మిగిలిన సగములోనే అదియు నిమిడియున్నది.

పన్ను చెల్లించుట పౌరుని ధర్మము. చెల్లించు వానికి తన హద్దు తెలియజెప్పుట ప్రభుత్వ ధర్మము. పౌరుడు చిట్టాను శుద్ధముగ నుంచునుగాక. శాసనకర్తలు నియమమును స్పష్టము చేయుదురుగాక.