కొలవకుండా నింద వేయొద్దు

పోయిన వానాకాలం మా నాయిన ఎలక్ట్రిక్ బండి యాక్సిలరేటర్ తిప్పకుండానే దూకింది. మోకాలు పగిలింది. "పెద్దాయనకు నడపరాదు" అని మెకానిక్ తేల్చేశాడు.

నేను ఒప్పుకోలేదు. వెనుక చక్రం లేచేలా సెంటర్ స్టాండ్ వేసి, మల్టీమీటర్ పెట్టాను. యాక్సిలరేటర్‌కు మూడు వైర్లుంటాయి: 5 వోల్టుల పాజిటివ్, నెగెటివ్, సిగ్నల్. తిప్పనప్పుడు సిగ్నల్ 1 వోల్టు దగ్గరే ఉండాలి. 4 దాటింది. హ్యాండిల్ దగ్గర నెగెటివ్ వైరు తెగింది. అది తెగితే, పూర్తిగా తిప్పారనుకుని కంట్రోలర్ మోటారును పరుగెత్తించవచ్చు. అలా దూకితే బ్రేకు పట్టి, తాళం ఆపేయండి.

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023లో బ్యాటరీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. బండ్లతోపాటు బాగుచేసే విద్యా మనకు రావాలి. ప్రతి హాస్టల్‌కూ ఒక మల్టీమీటర్ ఇవ్వాలి. చదువురాని వాళ్లమీద తప్పు నెట్టడం సులువు. కొలిచి నిజం చూపడం చదువుకున్న మన బాధ్యత.