బి-ఫ్లాట్ దగ్గర ఆగిపోకండి

పిల్లల కోసం కొన్న యుకులేలీ చివరికి అమ్మ చేతికి రావడం మన ఇళ్లలో మామూలే. ఇక్కడ బ్రిటన్‌లో చాలా బళ్లలో అది నేర్పుతారు. పిల్లలు పెద్దబడికి వెళ్లాక బీరువా మీదికి చేరుతుంది. దించి చూస్తే ఉన్నవి నాలుగే తీగలు. సి కార్డ్‌కి ఒక్క వేలు చాలు, ఎఫ్‌కి రెండు. కొద్దిరోజుల్లో ఒక పాట వచ్చేస్తుంది. ఆ తర్వాత బి-ఫ్లాట్ ఎదురవుతుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు.

అది లేని పాటలే వాయించుకోవచ్చుగా అంటారేమో. చిక్కంతా మన గొంతుతోనే. మొదటి పాఠాల పుస్తకాల్లో తేలిక పాటలు ఎక్కువగా సి లో ఉంటాయి, అంటే మన లెక్కలో ఒకటి శ్రుతి. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నవాళ్లకు తెలుసు, మనలో చాలామందికి గొంతు నాలుగు మొదలు ఆరు దాకా హాయిగా పలుకుతుంది. నాలుగు శ్రుతి అంటే ఎఫ్. సి, ఎఫ్, జి7 కార్డులున్న పాటను ఎఫ్‌కి మారిస్తే అవి ఎఫ్, బి-ఫ్లాట్, సి7 అవుతాయి. ఆ ఒక్క కార్డ్ రాకపోతే వాయిద్యం కోసం మనం గొంతు తగ్గించుకోవాలి. ఇప్పటికే ఎన్నిచోట్ల తగ్గించుకున్నామో చాలు, ఇక్కడ వేలు వంచుదాం.

యుకులేలీ పట్టుకుంటే పైనుంచి కిందికి తీగలు జి, సి, ఇ, ఎ. బి-ఫ్లాట్‌కి చూపుడువేలు మొదటి ఫ్రెట్‌లో ఇ, ఎ తీగలు రెంటినీ కలిపి నొక్కాలి. మధ్యవేలు సి తీగ మీద రెండో ఫ్రెట్‌లో, ఉంగరపువేలు జి తీగ మీద మూడో ఫ్రెట్‌లో.

జంతికల గొట్టం నొక్కినట్టు బలం పెట్టకండి. బొటనవేలు మెడ వెనక, చూపుడువేలికి ఎదురుగా ఉండాలి. చూపుడువేలిని కొంచెం పక్కకి వాల్చి, ఫ్రెట్ కమ్మీకి ఆనీ ఆననట్టు పెట్టండి. అక్కడ తక్కువ బలం చాలు. ఎడమచేతి గోళ్లు మాత్రం కత్తిరించుకోవాల్సిందే.

ముందు చూపుడువేలు ఒక్కటే పెట్టి ఇ, ఎ తీగల్ని విడివిడిగా మీటండి. రెండూ మోగాక మధ్యవేలు చేర్చండి. అప్పుడు నాలుగు తీగలూ మీటితే జి మైనర్ 7 వస్తుంది, అదీ పాటల్లో పనికొచ్చేదే. చివర ఉంగరపువేలు. ఎఫ్ నుంచి వచ్చేటప్పుడు చూపుడువేలు అప్పటికే ఇ తీగ మీద ఉంటుంది, దాన్ని ఎ మీదికి పడుకోబెడితే సరి.

మొదటి ఫ్రెట్ దగ్గర తీగ బిగువుగా ఉంటుంది. అందుకని ఇదే పట్టు రెండు ఫ్రెట్లు ముందుకు జరిపి సాధన చేయండి, తేలిక. అక్కడ అది సి కార్డ్. ఒక్క ఫ్రెట్ జరిపితే బి. ఒక్క పట్టుతో ఇన్ని కార్డులు! ఎంత చేసినా మొదటి ఫ్రెట్ లొంగకపోతే తప్పు మీ వేలిది కాకపోవచ్చు. వాయిద్యాల దుకాణంలో చూపించండి, మెడ చివర తీగలు ఆనే పట్టీ ఎత్తుగా ఉంటే తగ్గించి ఇస్తారు.

రోజుకి పది నిమిషాలు చాలు. వేలి కొసలు మండితే నాలుగురోజుల్లో సర్దుకుంటాయి. మణికట్టో బొటనవేలి మొదలో నొప్పెడితే ఆ పూటకి ఆపేయండి.

పిల్లలు "అమ్మా, ఆ చప్పుడేంటి" అని తలుపు వేసుకుంటే వేసుకోనివ్వండి. మీ శ్రుతి ఎంతో మాకు రాయండి.