చక్రమిచ్చినవాని మాట

మధ్యాహ్న విరామంలో అధ్యాపకుల గదిలో మేము టూర్ ద ఫ్రాన్స్ ప్రస్తావన తెచ్చినప్పుడల్లా మిత్రులు అడిగే ప్రశ్న ఒక్కటే: "సైకిలు తొక్కడంలో చూడదగినది ఏమున్నదండీ?" పాలవాడు తొక్కుతున్నాడు, మన విద్యార్థులు తొక్కుతున్నారు, గంటల తరబడి ఒక గుంపు సాగిపోవడమే తప్ప అందులో ఆట ఎక్కడ ఉన్నదని వారి ఆక్షేపణ. మొదట మేమును అట్లే అనుకొన్నాము.

1903లో ఒక ఫ్రెంచి క్రీడాపత్రిక తన అమ్మకాలు పెంచుకొనుటకు ఆరంభించిన ఈ పందెం నేడు 21 దశలలో, మూడు వారాలపాటు, సుమారు 3,400 కిలోమీటర్లు సాగుతున్నది. దీని కీలకమంతా గాలిలో ఉన్నది. ముందున్నవాడు గాలిని చీల్చుకొని పోవలెను. వెనుక ఒదిగినవానికి శ్రమలో దాదాపు మూడవ వంతు మిగులుతుంది. కనుకనే ఒక్క నాయకుని కొరకు తక్కిన జట్టువారు గాలికి ఎదురొడ్డుతారు, నీళ్ల సీసాలు మోసుకొని వస్తారు. పైకి నిశ్చలంగా కనబడే ఆ గుంపులో ప్రతి క్షణమూ లెక్కలోనిదే. 1989లో మూడు వేల కిలోమీటర్లు దాటిన పందెంలో గ్రెగ్ లెమాండ్ గెలిచినది కేవలం 8 సెకన్ల తేడాతో.

అయితే మమ్ములను కట్టిపడవేసినది విజేత కథ కాదు. 1934లో పిరనీస్ పర్వతాలలో నాయకుడు ఆంటొనిన్ మాన్య్ చక్రం చెడిపోగా, 20 ఏండ్ల రెనే వియెట్టో తన చక్రం ఊడదీసి ఇచ్చి, దారి ప్రక్క రాతిగోడపై కూర్చుండి కంటతడి పెట్టినాడు. మరునాడు నాయకుని సైకిలు మరల చెడినదని తెలిసి, తాను దిగిన కొండనే వెనుకకు ఎక్కి తన సైకిలునే ఇచ్చివేసినాడు. ఆ ఏడు మాన్య్ గెలిచినాడు. వియెట్టో అయిదవవాడైనాడు, అతడు టూర్‌ను ఎన్నడూ గెలువలేదు.

"ఉత్తేజక మందులు మింగి గెలిచేవారి పందెం కాదా?" అని మరొక మిత్రుని ఎత్తిపొడుపు. ఈ మచ్చను మేము దాచము. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు విజయాలు 2012లో రద్దయినవి. అతనిని మెచ్చుకొన్నవారందరితోపాటు మేమును మోసపోయినాము. కాని పరీక్షలో కాపీ కొట్టినవాడు పట్టుబడితే చదువే దండుగ అనము గదా! నిద్ర మాని చదివినవానికి అన్యాయం జరిగినదని బాధపడతాము. పందెం విషయమూ అంతే.

మన వార్షికోత్సవాన బహుమతి ఒక్కనికే అందుతుంది. వానికి నోట్సు వ్రాసి ఇచ్చిన స్నేహితుని పేరు, గ్రంథాలయం తలుపు ఆలస్యంగా మూసిన ఉద్యోగి పేరు ఏ పట్టికలోనూ ఉండవు. ఆ పేర్లు కూడా ఒక్కసారి వేదికపై చదివించవలసినదిగా కమిటీ పెద్దలకు మా విన్నపం.

ఇక మిత్రులకు మా మాట ఇది: జులైలో ఒక సాయంకాలం మాతో కూర్చుని చూడండి. మొదట వచ్చినవానిని కాదు, వానిని అంతదాకా గాలి సోకకుండా తెచ్చి, చివరి మలుపులో అలసి వెనుకబడినవానిని చూడండి. అప్పుడు కూడా నచ్చకపోతే మేము ఆ ప్రస్తావన మానుకొంటాము.