ఓపెన్ అంటే ఓసీ కాదు తమ్ముడూ

ఎంసెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, నా ఫోను మోగుతానే ఉంటది. దుర్గి నుంచి, బొల్లాపల్లి నుంచి, కారంపూడి నుంచి పిల్లోళ్ళు చేస్తారు. ఈఏపీసెట్ అని పేరు మారి ఏళ్ళయినా మన నోట్లో ఇంకా ఎంసెట్టే. అడిగేది మాత్రం అందరూ ఒకటే: "అన్నా, ఓసీలకి యాభై శాతం పోను, మన కోటాలో నాకు సీటొచ్చిద్దా?"

సమాధానం చెప్పే ముందు నేను ఆ ప్రశ్ననే సరిచేస్తా. ఓసీలకి యాభై శాతం అని ఏ జీవోలోనూ లేదు. ఏ చట్టంలోనూ లేదు. మరి ఈ మాట ఊరూరా ఎట్టా పాకింది? నోటి మాటగా పాకింది. కాలేజీ ఏజెంట్ చెప్పాడు, ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి చెప్పాడు, మనం నమ్మాం. నమ్మి ఊరుకుంటే పర్లేదు. నమ్మినందుకు సీట్లు పోతున్నాయి. అందుకే ఇది రాస్తున్నా.

లెక్క చూడండి. మన రాష్ట్రంలో కన్వీనర్ కోటా సీట్లు వంద అనుకోండి. ఎస్సీలకి 15, ఎస్టీలకి 6, బీసీలకి 29. బీసీల్లో మళ్ళీ ఏ 7, బీ 10, సీ 1, డీ 7, ఈ 4. మొత్తం 50. మిగతా 50 ఓపెన్. ఓపెన్ అంటే తలుపు తీసిపెట్టిన గది. ర్యాంకు ఉన్న ఎవరైనా లోపలికి పోవచ్చు. మాలపల్లి పిల్లాడు పోవచ్చు, తండా పిల్ల పోవచ్చు, చాకలోళ్ళ అబ్బాయి పోవచ్చు, రెడ్ల అబ్బాయి పోవచ్చు. ఈ అన్ని గదుల్లోనూ మూడో వంతు ఆడపిల్లలకి. ఇదీ అసలు ఏర్పాటు.

ఓపెన్‌లో సీటు తెచ్చుకున్న ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లల్ని వాళ్ళ కోటాలో కలిపి లెక్కెయ్యకూడదు. ఉద్యోగాల విషయంలో 1992లో ఇందిరా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. మెడికల్ సీట్ల విషయంలో 1996లో ఇంకో కేసులో మళ్ళీ చెప్పింది. పక్కా ఉదాహరణ చెప్తా. ఒక బీసీ-ఏ అమ్మాయికి ఓపెన్‌లోనే ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు ఉంది. కానీ ఓపెన్‌లో దొరికేది ఎక్కడో దూరం కాలేజీ, అదే బీసీ-ఏ కోటాలో అయితే గుంటూరులో దొరుకుద్ది. ఆ అమ్మాయి గుంటూరు తీసుకుంది. అప్పుడు ఆమె వదిలిన ఓపెన్ సీటు ఎవరికి పోవాలి? మళ్ళీ బీసీ-ఏ పిల్లలకే పోవాలి. లేకపోతే బాగా చదివిన పిల్ల వల్ల ఆ కులాలకే ఒక సీటు తగ్గిపోయిద్ది. దీనికోసమే 2001 జులైలో జీవో 550 వచ్చింది. వచ్చి ఇన్నేళ్ళయినా, 2019 ఎంబీబీఎస్ కౌన్సెలింగ్ అప్పుడు ఆ జీవో సరిగా అమలు చెయ్యలేదని పిల్లలు హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. రూలు ఉండటం వేరు, దాన్ని అడిగే నోరు ఉండటం వేరు.

ఇప్పుడు ఇంకో లెక్క. ఇది ఇంకా ముఖ్యం.

మనోళ్ళు ఎక్కువమంది చేరేది ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీల్లో. అక్కడ వంద సీట్లుంటే 70 కన్వీనర్ కోటా, 30 మేనేజ్‌మెంట్ కోటా. రిజర్వేషన్లు ఆ 70లోనే. అంటే వంద సీట్ల కాలేజీలో ఎస్సీ పిల్లలకి కోటా కింద వచ్చేది పదిన్నర. ఎస్టీలకి నాలుగు పైచిలుకు. బీసీల్లో అన్ని గ్రూపులకీ కలిపి ఇరవై పైచిలుకు. డబ్బుకి మాత్రం 30. ఒక్క డబ్బు కోటా ఎస్సీ కోటాకి దాదాపు మూడింతలు! బీసీలందరి కోటా కంటే కూడా పెద్దది. రచ్చబండ కాడ కూర్చుని "రిజర్వేషన్ల వల్ల మెరిట్ చచ్చిపోయింది" అనే పెద్దమనుషులు ఈ 30 గురించి ఒక్క మాట మాట్టాడగా నేను వినలా.

మెడికల్‌లో ఇంకా ఘోరం. ప్రైవేట్ కాలేజీల్లో సగం సీట్లే కన్వీనర్ కోటా. 35 శాతం బీ కేటగిరీ, 15 శాతం ఎన్నారై. సర్లే, ప్రైవేటోడి వ్యాపారం అనుకుందాం. 2023లో ప్రభుత్వం కొత్తగా తెరిచిన సర్కారు మెడికల్ కాలేజీల్లో కూడా ఇదే పంపకం పెట్టారు. జీవో 107, 108. బీ కేటగిరీ సీటు ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై సీటు 20 లక్షలు. ఒక ప్రభుత్వం పెట్టింది, దాని తర్వాత వచ్చిన ప్రభుత్వం పీపీపీ అంటోంది. జెండాలు మారినా డబ్బు కోటా చెక్కు చెదరదు. మన పిడుగురాళ్ళలో కట్టడం మొదలుపెట్టిన మెడికల్ కాలేజీ చూసి మనం సంబరపడతన్నాం. అందులో సీట్లు ఏ లెక్కన పంచుతారో ఇప్పుడే అడగాలి. తలుపులు తెరిచాక అడిగితే వినేవాడు ఉండడు.

ఇక మెరిట్ మాటకి వద్దాం. ఎంసెట్ ర్యాంకు అంటే 75 పాళ్ళు పరీక్ష, 25 పాళ్ళు ఇంటర్ మార్కులు. ఆ పరీక్ష ఎవరు బాగా రాస్తారు? విజయవాడలోనో గుంటూరులోనో హాస్టల్లో పెట్టి రెండేళ్ళు పొద్దున్నుంచి రాత్రి దాకా రుద్దించిన పిల్లలు. మాచర్ల నుంచి గుంటూరు నూరు కిలోమీటర్లు పైనే. ఆ దూరానికి బస్సు ఛార్జీ ఒకటే కాదు, హాస్టల్ ఫీజు కూడా ఉంది. మిరపకోతలప్పుడు బడి మానేసి అమ్మతో పాటు కల్లానికి పోయిన పిల్ల తెచ్చుకున్న ర్యాంకునీ, ఏసీ గదిలో రుద్దిన ర్యాంకునీ ఒకే తక్కెట్లో వేస్తే కనపడేది పరీక్ష నాటి బరువే. పిల్ల ఎంత ఎత్తు ఎక్కి వచ్చిందో ఆ తక్కెడ చూపించలేదు.

ఇంకొకటి మర్చిపోతారు. సడలింపు గేటు కాడే. లోపలికి పోయాక అందరికీ అదే సిలబస్, అదే సెమిస్టర్ పరీక్ష, పాసవడానికి అవే మార్కులు. ఎస్సీ పిల్లాడి జవాబు పేపరు మీద కులం ఉండదు, హాల్ టికెట్ నంబరే ఉంటది. తప్పిన సబ్జెక్టుని ఎవరైనా మళ్ళీ రాయాల్సిందే.

"మా తాతలు ఏ కోటా లేకుండానే పైకొచ్చారు" అనే మాట కూడా మన జిల్లాలో గట్టిగా వినపడుద్ది. దీనికి జవాబు చరిత్రలో ఉంది. 1953 దాకా మన పల్నాడు మద్రాసు రాష్ట్రంలో భాగం. అప్పట్లో మెడికల్, ఇంజనీరింగ్ సీట్లకి అక్కడ కమ్యూనల్ జీవో ఉండేది. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకి 6, వెనకబడిన హిందువులకి 2, బ్రాహ్మణులకి 2, హరిజనులకి 2, ఆంగ్లో ఇండియన్లకీ క్రైస్తవులకీ కలిపి 1, ముస్లింలకి 1. ఆ మొదటి ఆరు సీట్లు చూడండి. బ్రాహ్మణేతర హిందువులంటే ఎవరు? కమ్మ, రెడ్డి, కాపు, వెలమ, ఇట్టాంటి భూమి ఉన్న కులాలు అందులోవే. అంటే ఇవాళ కోటాని తిట్టే ఇళ్ళలో కొన్నిటికి మొదటి డాక్టర్ని, మొదటి ఇంజనీరుని ఇచ్చింది అట్టాంటి పంపకమే. అందులో సిగ్గుపడాల్సింది లేదు. అప్పటికి అది న్యాయం. ఆ న్యాయం తమ ఇంటి ముందే ఆగిపోవాలనుకోవడమే అన్యాయం.

ఆ జీవో మీద చంపకం దొరైరాజన్ అనే ఆమె కోర్టుకి వెళ్ళింది. కులం వల్ల తనకి మెడికల్ సీటు రాకుండా పోతదని వాదన. నిజానికి ఆమె సీటుకి దరఖాస్తే పెట్టలేదు. అయినా 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవోని కొట్టేసింది. మూడు నెలలు తిరక్కుండానే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది. 15(4) అనే క్లాజు అట్టా పుట్టింది. మన రాష్ట్రంలో 1970లో అనంతరామన్ కమిషన్ చెప్పిన బీసీ కోటాని కూడా హైకోర్టు కొట్టేస్తే, 1972లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఏ సీటూ ఊరికే రాలేదు. ప్రతిసారీ కోర్టులో ఒకసారి పోయి, జనం అడిగాక మళ్ళీ వచ్చింది.

ఇదే గొడవ అమెరికాలోనూ ఉంది. అక్కడ నల్లజాతి పిల్లలకి లెక్క కట్టి సీట్లు పెట్టడాన్ని 1978లోనే కోర్టు ఒప్పుకోలేదు. దరఖాస్తు చూసేటప్పుడు జాతిని కూడా ఒక అంశంగా చూడొచ్చు అంది, అంతే. 2023 జూన్ 29న హార్వర్డ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఆ కాస్త వీలు కూడా తీసేసింది. ఆ కేసు ఆసియా పిల్లలకి అన్యాయం జరుగుతోందనే పేరు మీద నడిచింది కాబట్టి, మనోళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కూడా సంబరాలు చూశా. తర్వాత ఏమైంది? ఎంఐటీలో అంతకుముందు బ్యాచ్‌ల్లో వందకి 13 మంది దాకా ఉన్న నల్లజాతి పిల్లలు, 2024లో చేరిన బ్యాచ్‌లో 5కి పడిపోయారు. మరి నాన్న చదివిన కాలేజీ అని కొడుక్కి, విరాళం ఇచ్చాడని కూతురికి ఇచ్చే ప్రాధాన్యం? దాన్ని ఆ తీర్పు ముట్టుకోలేదు. అక్కడా మన మేనేజ్‌మెంట్ కోటా కథే. పేదోడి నిచ్చెన లాగేస్తారు, ఉన్నోడి లిఫ్టు ఆగదు.

అవతలోళ్ళని అడిగే ముందు మన ఇంట్లో లెక్క కూడా సరిగ్గా ఉండాలి. కోటా అంటే వెనక ఉన్నోడిని ముందుకు తేవడం అని మనం ఊరి పెద్దలకి చెప్తాం. మరి ఎస్సీల్లోనే వెనక ఉన్నోళ్ళ మాటేంది? 1994 జులై 7న పక్కనే ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా అడిగింది ఇదే. ముప్పై ఏళ్ళ తర్వాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు వర్గీకరణ సరే అన్నారు. 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్రం 15 శాతాన్ని మూడుగా చేసింది. రెల్లి తదితర కులాలకి 1, మాదిగ తదితర కులాలకి 6.5, మాల తదితర కులాలకి 7.5. దీని మీద మన గూడేల్లో మనసులు కష్టపడ్డాయి, నాకు తెలుసు. కానీ నా మాట ఒకటే. అగ్రకులాల్ని మనం ఏ న్యాయం అడుగుతున్నామో, రెల్లి పిల్లాడికి మనం అదే న్యాయం ఇవ్వాలి. అది ఇచ్చినోళ్ళకే గట్టిగా అడిగే హక్కు ఉంటది. పదిన్నర సీట్ల కోసం అన్నదమ్ములం గొంతులు పట్టుకుంటే, ఆ 30 సీట్లోడు నిమ్మళంగా కూర్చుంటాడు.

పేద ఓసీల సంగతి కూడా చెప్పాలి. రెండెకరాల మిరప వేసి అప్పులపాలైన రైతు కొడుకు కష్టం కష్టమే. 2019లో వచ్చిన 10 శాతం ఈడబ్ల్యూఎస్‌ని 2022 నవంబర్ 7న సుప్రీంకోర్టు 3-2తో నిలబెట్టింది. ఏడాదికి 8 లక్షల ఆదాయం దాకా పేదే అనడం నాకు మింగుడు పడదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ పేదల్ని అందులోంచి తీసెయ్యడం అంతకంటే మింగుడు పడదు. అయినా ఆ కుర్రాడు మన శత్రువు కాదు. అతని సీటు కూడా డబ్బు కోటాలోనే ఇరుక్కుపోయింది.

మన మాచర్లలో బ్రహ్మనాయుడి చాపకూడు కథ అందరికీ తెలుసు. అన్ని కులాలనీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని, మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకుని సేనాపతిని చేశాడని వీరుల తిరునాళ్ళలో ఏటా పాడుకుంటాం. తిరునాళ్ళలో పాడుకుని, కాలేజీ గేటు కాడ మర్చిపోతే ఎట్టా?

అందుకని కోటాకి తోడుగా ఇంకొకటి అడుగుదాం. తమిళనాడు 2020లో సర్కారు బడుల్లో చదివిన పిల్లలకి మెడికల్ సీట్లలో 7.5 శాతం పక్కన పెట్టింది. మనకి ఇది కొత్త కూడా కాదు. 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీల్లో, హాస్టల్ లేని సర్కారు బడి పిల్లల పదో తరగతి గ్రేడుకి 0.4 పాయింటు కలిపారు. ఆ పాయింటు పట్టుకుని నూజివీడు, ఇడుపులపాయ పోయిన పల్లెటూరి పిల్లలు ఎంతోమంది. అదే పని ఎంసెట్‌లో, ఎంబీబీఎస్ సీట్లలో ఎందుకు చెయ్యకూడదు? ఇందులో అన్ని కులాల పేద పిల్లలూ ఉంటారు. కులం కోటా ఎక్కడిదక్కడే ఉంటది.

ఇక కౌన్సెలింగ్‌కి పోయే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నాలుగు మాటలు. ఒకటి, ఆప్షన్లు పెట్టేటప్పుడు "ఆ కాలేజీ ఓసీలది, మనకి రాదు" అని వదిలెయ్యమాకండి. పోయినేడు చివరి ర్యాంకులు ఓపెన్‌లో ఎంత, మన కోటాలో ఎంత, రెండూ చూసి, ఇష్టమైన కాలేజీని పైన పెట్టండి. రెండు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ర్యాంకు వచ్చాక పరిగెత్తి తెచ్చుకునేవి కావు, ఇంటర్ రెండో ఏడులోనే తీసి పెట్టుకోండి. మూడు, మీకొచ్చిన సీటు ఏ కేటగిరీలో ఇచ్చారో అలాట్‌మెంట్ కాగితం మీద చదవండి. ఓపెన్‌లో రావాల్సిన ర్యాంకుకి కోటాలో వేశారనిపిస్తే హెల్ప్‌లైన్ సెంటర్లో రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. నాలుగు, మీ ఎమ్మెల్యే ఊళ్ళోకి వచ్చినప్పుడు సీసీ రోడ్డుతో పాటు పిడుగురాళ్ళ కాలేజీ సీట్ల లెక్క కూడా అడగండి.

గది తలుపు తీసే ఉంది. అది ఫలానా వాళ్ళ గది అని ఎవరో చెబితే గుమ్మం కాడే ఆగిపోమాకండి.